బర్రెలా కూర్చునే కారు

శంషాబాద్,
జూలై 2011

జంగయ్య బావకు,

బెంగళూరు రోడ్డు మీద వచ్చీపోయే సమస్త ప్రజానీకానికి, అందులోనూ పుణెలో కూతురింట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్న పెద్దలకు గంభీరంగా తెలియజేస్తున్నది ఏందంటే, మన మెకానిక్ షెడ్డులోని టేబుల్ ఫ్యాన్ మొన్న సోమవారం పొద్దున ఎడమ వైపుకు కూడా తిరిగింది. కొన్ననాటి నుంచి అది కుడి వైపే చూసేది. నువ్వు కుడి వైపే కూర్చునేవాడివి. నేను ఎడమ వైపు చెమటలు కక్కేవాణ్ని. ఈ శుభ సందర్భంలో టీ కొట్టు భాగ్యమ్మ చేత కొబ్బరికాయ కొట్టించాను. రెండు చిప్పలూ ఆమే తీసుకుపోయింది.

ఇగ చిన్న వార్త. షెడ్డుకు ఒక స్పోర్ట్స్ కారు వచ్చింది.

ఎర్రది. రెండే సీట్లు. కొత్తూరులో ఉపేందర్ అని ఒక ఆసామి కొన్నాడు. ఎంత కిందికి ఉందంటే, రోడ్డు మీద మేక దాన్ని చూసి పక్కకు తప్పుకోలేదు, పైనుంచి దూకి అవతలికి పోయింది. దాని షాకబ్జర్లు నాలుగూ ఆయిల్ కారి చచ్చిపోయాయి. కొత్తవి ఎక్కడా దొరకడం లేదట. వేరే కారువి పాతవి తెచ్చి, విప్పి, లోపల మార్చి, దీనికి సరిపోయేట్టు చేస్తావా అని అడిగాడు. "మా బావ ఉంటె చిటికెల చేస్తుండె" అన్నాను. ఏడున్నాడు మీ బావ అన్నాడు. "పుణెల లిఫ్టు ఎక్కి దిగుతున్నడు" అన్నాను.

జీపులవి, ఆటోలవి, వ్యాన్లవి అయితే ఇన్నేళ్లుగా నీ పక్కన కూర్చుని చేశాను. దీన్ని విప్పాలంటే చేయి ముందుకు పోవడం లేదు. నీకు ఫోనులో వినపడదు కాబట్టి, నేను ఐదో తరగతి దాకా చదివిన చదువంతా ఈ కాగితం మీద పెడుతున్నాను. అక్కకు చదివి వినిపించేటప్పుడు తప్పులు నువ్వే సరిచేసుకో.

అట్లా మార్చవచ్చా, లేదా? నువ్వు చెప్పకపోతే భాగ్యమ్మను అడుగుతాను. ఆమెకు అన్నిటి మీదా ఒక అభిప్రాయం ఉంటుంది.

నీ బామ్మర్ది
బాలమల్లు


చించ్‌వడ్, పుణె
ఆగస్టు 2011

బాలమల్లుకు,

ఉత్తరం అందింది. ఆ ఫ్యాన్ మెడ లోపల పళ్ల చక్రానికి పన్ను విరిగింది. విప్పి చూసింది నేనే. అది ఎడమకు తిరగదు. ఫ్యానే అబద్ధమైతే కారు సంగతి ఏం మాట్లాడతాం.

నేను పని మానేశాను. నా పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ నీకే వదిలి వచ్చాను. వినపడని మనిషి షెడ్డులో కూర్చుంటే కస్టమర్ ఒకటి చెప్తాడు, మనం ఒకటి చేస్తాం. నువ్వు చూడనిది కాదు. మళ్లీ ఆ మాట ఎత్తకు.

నిజంగా కారు ఉంటే దాని బరువెంతో రాయి. లేకపోతే రాయకు.

జంగయ్య

మామా, అడుగున మిగిలిన జాగాలో నేను, పూర్ణిమను, రాస్తున్నాను. బాపుకు చూపించలేదు. ఇక్కడికి వచ్చాక ఆయన మాట్లాడటం తగ్గించాడు. ఇప్పుడు పూర్తిగా మానేశాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తుందో తనకు తెలియదు కదా. ఒకరోజు లిఫ్టులో ఎవరినో మామూలుగా పలకరించాననుకున్నాడు. పక్కనున్న పాప జడుసుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి అన్నీ సైగలే, లేకపోతే చీటీలు. అమ్మతో కూడా అంతే. నీ ఉత్తరం చదివి మాత్రం గట్టిగా "అబద్ధం" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఎన్నాళ్లకో విన్న మాట. ఇంకో అబద్ధం ఉంటే పంపు మామా.


శంషాబాద్,
ఆగస్టు 2011

బావా,

సొంత బామ్మర్దిని ఇంత మాట అన్నావు. ఫ్యాన్‌ను కూడా అవమానించావు. అది నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి అలిగి కుడి వైపే చూస్తోంది.

కారు బరువు పదహారు వందల కిలోలు. ఉపేందర్ స్వయంగా చెప్పాడు. చెప్పేటప్పుడు గుండె మీద చేయి కూడా వేసుకున్నాడు. పని మానేసిన మనిషికి బరువు ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా పెద్దవాడివి, అడిగావు కాబట్టి చెప్పాను.

బాలమల్లు


చించ్‌వడ్,
సెప్టెంబరు 2011

బాలమల్లుకు,

మేక దూకేటంత చిన్న కారు పదహారు వందల కిలోలు ఎట్లా తూగుతుంది? డిక్కీలో వడ్ల బస్తాలున్నాయా?

లారీలు తూచే కాంటా మీదికి తీసుకుపో. మొత్తం బరువు కాదు నాకు కావలసింది. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూకం వేయించు. ఇంజన్ ఎక్కడుందో చూడు. నువ్వు సీట్లో కూర్చుంటే కారు ఎన్ని వేళ్ల మందం కిందికి దిగిందో చూడు. షాకబ్జర్లు విప్పేసి, ఒట్టి స్ప్రింగుల మీద ఒక మూల నొక్కి వదిలితే ఎట్లా ఊగుతుందో చూడు. పాతవి తెస్తానన్నావు, అవి ఏ కారువో, ఎంత పెద్ద కారువో చూడు.

ఇవి చెప్పకుండా అడిగితే జవాబు లేదు. కాగితం మీది కారుకు షాకబ్జర్లు చేయడం నాకు రాదు.

జంగయ్య


శంషాబాద్,
అక్టోబరు 2011

బావా,

నీ ప్రశ్నలు నన్ను పరేషాన్ చేశాయి. అన్నిటికీ జవాబులు తెచ్చాను. జర ఓపికగా చదువు.

కారు ఇప్పుడు మహేశ్వరం దగ్గర ఉంది. ఉపేందర్ దాన్ని శ్రావణ్‌కుమార్ అనే ఆయనకు ఇచ్చేశాడు. రంగు ఆకుపచ్చ. శ్రావణ్‌కుమార్ వాళ్లవి బంతిపూల తోటలు, ఒక కోళ్ల షెడ్డు. కారు ఆ కోళ్ల షెడ్డు పక్క రేకుల కింద, టార్పాలిన్ కప్పుకుని ఉంది. ఆయన పాపం ఎంతో ఇష్టపడి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక తెలిసింది, స్టీరింగుకూ సీటుకూ మధ్య ఆయన పొట్ట పట్టదని. ఊపిరి బిగబట్టి కూర్చుంటే పడుతుంది కానీ, అట్లా ఊరి చివరిదాకా కూడా పోలేడు. ఆయన భార్య స్వర్ణలత, "నేనే నడుపుత, ట్రాక్టర్ నడిపినోళ్లకు గిదెంత" అని తాళంచెవి తీసుకుంది. ఇప్పుడు కారు ఆమెది, కలలు ఆయనవి.

అయితే ఆమెకు నడుపుతుంటే చాలా కష్టంగా ఉంది. షాకబ్జర్లు చచ్చాయి కాబట్టి గుంటలో పడ్డ ప్రతిసారీ కారు బంతిలా ఎగురుతోంది. విమానాశ్రయం రోడ్డు మీద వేగంగా పోతే ముందు భాగం ఈత కొట్టినట్టు ఊగుతోందట. బాగు కాకపోతే అమ్మేస్తానని ఆయన, అమ్మితే పుట్టింటికి పోతానని ఆమె. నేను మధ్యలో టీ తాగుతున్నాను.

కొత్తూరు కాంటాకు తీసుకుపోయాం. ముందు లారీ, వెనక లారీ, మధ్యలో మా కారు. కాంటా నడిపే కుర్మయ్య కిటికీలోంచి చూసి కారు కనపడక, లేచి నిలబడి చూశాడు. "లోడు ఏంది" అని అడిగాడు. స్వర్ణలత దిగి, "నేనే" అంది. ఎనిమిది వందల కిలోలకు కాస్త పైన. వెనక బరువు ఎక్కువ, ముందు తక్కువ. ఇంజన్ సీట్ల వెనకనే ఉంది బావా. ఆమె వీపు కాలుతుందట. నేను కూర్చుంటే రెండు వేళ్ల మందం దిగింది. శ్రావణ్‌కుమార్ కూర్చుంటే ఎంత దిగుతుందో చూద్దామన్నాను. వద్దన్నాడు.

జల్‌పల్లి పాత సామాన్ల దుకాణంలో ఒక పెద్ద కారు నుంచి తీసిన షాకబ్జర్లు దొరికాయి. బరువు దీనికి రెండింతలుండే కారు. గ్యాస్ నింపినవి. రాడ్‌ను లోపలికి నొక్కి వదిలితే తాబేలు తల బయటికి పెట్టినట్టు మెల్లగా దానంతటదే వస్తోంది. పొద్దున నుంచి అదే ఆట ఆడుతున్నాను. భాగ్యమ్మ కూడా ఆడింది.

ఇగ ఎట్లా విప్పాలో చెప్పు.

బాలమల్లు


చించ్‌వడ్,
నవంబరు 2011

బాలమల్లుకు,

ఎర్ర కారు ఆకుపచ్చ అయింది. కొత్తూరు ఉపేందర్ మహేశ్వరం శ్రావణ్‌కుమార్ అయ్యాడు. పదహారు వందలు ఎనిమిది వందలు అయ్యాయి. వచ్చే ఉత్తరానికి అది సైకిల్ కాకుండా చూడు.

కానీ ముందు తక్కువ, వెనక ఎక్కువ అన్నావు. అది నీకు అల్లడం రాదు. కాబట్టి చెబుతున్నాను.

మొట్టమొదట గ్యాస్. గొట్టం అడుగున చిన్న మర ఉంటుంది. దాన్ని మెల్లగా, గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పి వదులు. పూర్తిగా పోయిందాకా మూత ముట్టకు. గ్యాస్ ఉండగా మూత తిప్పితే రాడ్ నీ దవడ ఎక్కడుందో వెతుక్కుంటూ వస్తుంది.

లోపల రాడ్ చివర పిస్టన్ ఉంటుంది. పిస్టన్‌కు రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల మీద పైన ఒక దొంతర, కింద ఒక దొంతర సన్నని ఉక్కు బిళ్లలు ఉంటాయి. ఆయిల్ అటు నుంచి ఇటు పోవాలంటే బిళ్లలను వంచుకునే పోవాలి. చక్రం గతుకెక్కి రాడ్ లోపలికి పోయేటప్పుడు పై దొంతర ఆపుతుంది. చక్రం తిరిగి కిందికి దిగి రాడ్ బయటికి వచ్చేటప్పుడు కింది దొంతర ఆపుతుంది. బిళ్ల మందమైతే బిగుసుకుంటుంది, పలుచనైతే వదులుతుంది. మొత్తం కథ అంతే. విప్పిన వరసలోనే బిళ్లలను తీగకు గుచ్చి పెట్టు. ఒక్కటి తారుమారైనా మళ్లీ మొదటికి వస్తావు.

అవి బరువైన కారువి. ఇది తేలిక. అందుకని రెండు దొంతరలూ పలుచన చేయాలి. ముందువి ఎక్కువ, వెనకవి తక్కువ. ఒక బిళ్ల తీసి చూడు, మళ్లీ ఒకటి తీసి చూడు. గ్యాస్ తిరిగి నింపడానికి టైర్ల దుకాణంలో గాలి బలం చాలదు. ఏసీ రిపేరు వాళ్ల దగ్గర నైట్రోజన్ సిలిండర్ ఉంటుంది, వాళ్లను అడుగు.

ఇదంతా మీ అక్కకు చూపించాను. చపాతీ కర్రను రాడ్ అనుకున్నాను, ఇడ్లీ రేకులను బిళ్లలు అనుకున్నాను. ఆమె పిండి ఎప్పుడు పోయాలని సైగ చేసింది. అప్పుడు నోటితోనే చెప్పాను. ఆయిల్ ఎటు నుంచి ఎటు పోతుందో సైగలతో చెప్పడం కుదరదు.

చేసి, ఏం జరిగిందో రాయి.

జంగయ్య


శంషాబాద్,
డిసెంబరు 2011

బావా,

చేశాను. దవడ ఉంది.

గ్యాస్ వదిలితే పాము బుసకొట్టినట్టు చాలాసేపు వచ్చింది. మీదినుంచి విమానం పోతున్నా నాకు ఆ బుసే వినపడింది. బిళ్లలు నువ్వు చెప్పినట్టే తీగకు గుచ్చాను. ఎంత అందంగా ఉన్నాయి బావా. ఒకదానికంటే ఒకటి చిన్నది, గోరుతో నొక్కితే వంగుతోంది. ఇంత పలుచని రేకు అంత కారును ఆపుతుందా అని తిప్పి తిప్పి చూశాను. ఏసీ రిపేరు రాజయ్య సిలిండర్ తెచ్చి గ్యాస్ నింపాడు. వాడికి కూడా ఒక బిళ్ల చూపించాను. వేలికి ఉంగరంలా పెట్టుకుని చూసుకున్నాడు.

ఇగ అసలు సంగతి. నువ్వు రెండు దొంతరలూ పలుచన చేయమన్నావు. పై దొంతర చేశాను. కింది దొంతర దగ్గర నాకు మనసు ఒప్పలేదు. మన షెడ్డు ఆచారం ఉంది కదా. వచ్చినవాడెవడైనా షాకబ్జర్ కింది భాగాన్ని కాలితో తొక్కిపెట్టి, రాడ్‌ను రెండు చేతులతో పైకి లాగుతాడు. సులువుగా వస్తే ముఖం తిప్పుకుని పోతాడు. ఎంత రాకపోతే అంత మంచి మాలు అంటాడు. అందుకని కింది దొంతరలో బిళ్లలు తీయకపోగా ఇంకొకటి ఎక్కించాను.

ఆ రోజు షెడ్డు ముందర పందెం. ఇద్దరు లారీ డ్రైవర్లు లాగారు. రాజయ్య లాగాడు. కొత్తూరు నుంచి పనిమీద వచ్చిన కుర్మయ్య చొక్కా విప్పి లాగాడు. రాడ్ చీమలా కదిలింది. భాగ్యమ్మ టీ గ్లాసులు పక్కన పెట్టి వచ్చి లాగి, "గిది షాకబ్జరా, పాతిన గుంజనా" అంది. అంత గొప్ప పొగడ్త నాకు పెళ్లినాడు కూడా రాలేదు.

బిగించాం. స్వర్ణలత మహేశ్వరం పోయి వచ్చింది. దిగి, డోరు వేసి, నా వైపు చూసింది.

"బాలమల్లన్నా, ఏం జేసినవే దీన్ని? మంచి రోడ్డు మీద మస్తు పోతది. గీ చారల చారల స్పీడ్ బ్రేకర్లు ఉంటయి గద, వాటి మీద పోంగ పోంగ బర్రె పండుకున్నట్టు కిందికి పోతది. చివరికి కడుపు రోడ్డుకు తాకుతది. ఆపి జరసేపు నిలబడితె మల్ల లేస్తది."

నేను నమ్మలేదు. ఆ చారల పక్కన రోడ్డు అంచున బోర్లా పడుకుని, ఆమెను మళ్లీ పొమ్మన్నాను. ఫిట్స్ వచ్చిందనుకుని జనం చేరి నా ముఖాన నీళ్లు కొట్టారు. నీళ్లలోంచే చూశాను. నిజం బావా. మొదటి చార మీద మామూలుగా ఉంది. రెండో చారకు కాస్త దిగింది. ఒక్కో చారకు ఇంకాస్త, ఇంకాస్త. చివరి చార దాటేసరికి నేలను నాకుతోంది. ఆగాక మెల్లగా పైకి లేచింది.

స్ప్రింగులు విరగలేదు, చూశాను. ఆయిల్ కారలేదు, గ్యాస్ పోలేదు. మరి ఎందుకు కూర్చుంటోంది? ఎందుకు లేస్తోంది? నాకు అన్నం సహించడం లేదు.

బాలమల్లు


చించ్‌వడ్,
జనవరి 2012

బాలమల్లుకు,

నీ ఉత్తరం చదివి బయటికే నవ్వాను. మంచి వింత చూపించావు.

ఆగితే లేస్తోంది అన్నావు చూడు, జవాబు అక్కడే ఉంది. స్ప్రింగ్ విరిగితే లేవదు. గ్యాస్ పోయినా అట్లా లేవదు. స్ప్రింగ్ లేపాలనే చూస్తోంది, ఎవరో పట్టుకుంటున్నారు. పట్టుకున్నది నువ్వు ఎక్కించిన బిళ్ల.

చక్రం మొదటి చార ఎక్కింది. పై దొంతర పలుచన కాబట్టి రాడ్ టక్కున లోపలికి పోయింది. చార దాటాక బయటికి రావాలి. కింది దొంతర మందం కాబట్టి మెల్లగా వస్తోంది. సగం వచ్చేలోపే రెండో చార వచ్చింది. మళ్లీ లోపలికి. ఇట్లా ప్రతి చారకూ కొంత బాకీ మిగిలిపోతోంది. బండి మొత్తం కిందికి కూరుకుపోతోంది. జీపుల మీద ఇది మనకు కనపడలేదు. వాటి బరువు వేరు, స్ప్రింగులు వేరు, వాటికి కడుపు రోడ్డుకు తాకేంత కింద ఉండదు.

రాడ్ లాగి చూడటం అమ్ముకోవడానికి పనికొస్తుంది. నడవడానికి కాదు. ఎక్కించిన బిళ్ల తీసెయ్. కింది దొంతరలోంచి ఇంకో రెండు కూడా తీసి, పై దొంతరలో ఒకటి పెట్టు. భాగ్యమ్మ ఒక్క చేత్తో లాగేటట్టు ఉండాలి. పందెంలో ఓడిపోతావు, ఓడిపో.

ఒక మాట. నాలుగూ పాతవే. లోపల ఎంత అరిగాయో ఒక్కోదానిది ఒక్కో లెక్క. బిళ్లలు ఒకేలా పెట్టినా రెండు షాకబ్జర్లు ఒకేలా పని చేయవు. కుడి ఎడమ జత కుదిరిందో లేదో అరచేతి కింద నొక్కి చూస్తేనే తెలుస్తుంది. అది ఉత్తరంలో రాయలేను. శివరాత్రికి ముందు వచ్చి చూస్తాను. పూర్ణిమను టికెట్ తీయమన్నాను.

జంగయ్య

మామా, పూర్ణిమను. బాపు ఈ చారల సంగతి అన్నం తినేటప్పుడు అమ్మకు చెప్పాడు. చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ, ఎంత గట్టిగా చెప్పాడంటే పక్కింటివాళ్లు గొడవ జరుగుతోందనుకుని తలుపు కొట్టారు. నేను తలుపు తీసేలోపు బాపు వాళ్లను కూడా కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లకు తెలుగు రాదు.


శంషాబాద్,
ఫిబ్రవరి 2012

ఘనత వహించిన బావకు,

జయం. నువ్వు చెప్పిన బిళ్లలు తీశాను, పెట్టమన్నది పెట్టాను. భాగ్యమ్మ ఒక్క చేత్తో లాగి, "గిదేం మాలు" అని మూతి తిప్పింది. అప్పుడే అర్థమైంది, సరిగ్గా కుదిరిందని.

కారు వెన్న మీద గరిటె జారినట్టు పోతోంది. చారలు వచ్చినా తెలియడం లేదు. రింగు రోడ్డు మలుపులో కూడా ఊగడం లేదు, తొణకడం లేదు. శ్రావణ్‌కుమార్ ఆనందం పట్టలేక పక్క సీట్లో ఎక్కి కూర్చుని, దిగడం రాక అక్కడే భోంచేశాడు. స్వర్ణలత నీ పేరు చెప్పి తోటలో బంతి మొక్క నాటింది. జతలు కూడా బ్రహ్మాండంగా కుదిరాయి. నాకే ఆశ్చర్యం, నా అరచేతికి ఇంత తెలుసా అని.

కాబట్టి నువ్వు అంత దూరం శ్రమపడి రానక్కర్లేదు. వచ్చినా మంచిదే. చూసి పొగడటమే పని.

బాలమల్లు


చించ్‌వడ్,
ఫిబ్రవరి 2012

బాలమల్లుకు,

సంతోషం. నీ చేతికి జత కుదర్చడం వచ్చిందంటే నేర్చుకోవలసింది ఇంకేమీ లేదు.

పొగడటానికి నేను రావడం ఎందుకు. టికెట్ తీయవద్దని పూర్ణిమకు చీటీ రాసి ఇచ్చాను. ఎందుకని మీ అక్క అడిగింది. ఆమెకూ చీటీ రాసి ఇచ్చాను. మాట్లాడటానికి ఏముంది.

కారు వాళ్లు బాగుండాలి.

జంగయ్య


శంషాబాద్,
మార్చి 2012

బావా,

ఈ ఉత్తరంలో వార్తలు లేవు. ఇన్నాళ్లు నేను రాసినవాటిలో ఏది జరిగింది, ఏది నేను అల్లాను, అది మాత్రం రాస్తున్నాను.

ఫ్యాన్ ఎడమకు తిరగలేదు. కొబ్బరికాయ కొట్టలేదు. ఎర్ర కారు లేదు, మేక లేదు. కొత్తూరులో ఉపేందర్ అనేవాడు ఎవడైనా ఉంటే వాడికి నేనెవరో తెలియదు. నువ్వు పోయాక షెడ్డులో తిట్టేవాళ్లు లేక, ఒక తిట్టు కోసం ఆ మొదటి ఉత్తరం రాశాను. అడుగున పూర్ణిమ రాసింది చదివాక ఇంకో అబద్ధం కోసం పదహారు వందల కిలోలు అన్నాను.

ఆ తర్వాత నువ్వు అడిగిన ప్రశ్నలున్నాయే, వాటికి అబద్ధాలు దొరకలేదు. ముందు ఎంత, వెనక ఎంత, ఎన్ని వేళ్లు దిగింది, ఇవి కూర్చుని అల్లేవి కావు. రెండు రోజులు ప్రయత్నించాను. ఇగ నిజం కారే వెతుక్కోవలసి వచ్చింది. ఊరూరా అడిగాను. చివరికి రాజయ్య చెప్పాడు, మహేశ్వరంలో ఏసీ బిగించడానికి పోతే కోళ్ల షెడ్డు పక్కన ఏదో పొట్టి కారు చూశానని. పోయి, మీ కారుకు షాకబ్జర్లు చేస్తానన్నాను. వాళ్లు అడగలేదు. నేనే అడిగాను.

కాబట్టి ఆకుపచ్చ కారు నిజం. శ్రావణ్‌కుమార్ పొట్ట నిజం. స్వర్ణలత నిజం, ఆమె అన్న మాటలు ఆమె అన్నట్టే రాశాను. కాంటా నిజం, జల్‌పల్లి సామాను నిజం. పందెం కూడా నిజం, పాతిన గుంజ అన్నది నిజం. రోడ్డు అంచున పడుకున్నది నిజం. నీళ్లు కొట్టారన్నది అబద్ధం. ఎవరూ ఆగలేదు, దాటుకుని పోయారు.

మొన్నటి జయం ఉత్తరంలో సగం నిజం, సగం అబద్ధం. బిళ్లలు నువ్వు చెప్పినట్టే మార్చాను. బర్రెలా కూర్చోవడం ఆగిపోయింది. అది నీ లెక్క, అక్షరాలా నిజం. మిగతా అంతా అల్లాను. బంతి మొక్క లేదు, సీట్లో భోజనం లేదు. జత కుదరలేదు.

రింగు రోడ్డు మీద ఎడమకు తిరిగే మలుపులో కుడి వెనక చక్రం దగ్గర కారు ఒక్కసారి నడుము విదిలిస్తోంది. కుడికి తిరిగితే లేదు. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఒక్కసారే. ఆ వెనక షాకబ్జర్ విప్పి బిళ్లలు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి బిగించాను. షాకబ్జర్ తప్పైతే విదిలింపు ఎడమకు పోవాలి కదా. పోలేదు, కుడి వైపే ఉంది. అయితే షాకబ్జర్ తప్పు కాదేమో అనుకుని దాని సొంత పాతవి, చచ్చినవే, తిరిగి బిగించాను. విదిలింపు లేదు. మళ్లీ మనవి పెట్టాను. ఉంది.

ఇది నేను అల్లింది కాదు. ఇంత చిక్కుముడి అల్లే తెలివే ఉంటే దాన్ని విప్పే తెలివి కూడా ఉండేది. రెండు వెనక షాకబ్జర్లూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి అరచేతుల కింద నొక్కుతూ కూర్చుంటున్నాను. నా చేతికి రెండూ ఒకటే. కారుకు ఒకటి కాదు.

జయం అని ఎందుకు రాశానంటే, నీ లెక్క గెలిచిందని చదివితే నీకు సంతోషమవుతుందనుకున్నాను. ఇంకా కుదరలేదంటే నీ లెక్క మీద నీకే అనుమానం వస్తుందేమోనని భయపడ్డాను. నువ్వు మళ్లీ చీటీల్లోకి పోతావని తట్టలేదు.

కారు మన షెడ్డులోనే ఉంది. వెనక చక్రాలు లేవు, మొద్దుల మీద నిలబెట్టాను. శ్రావణ్‌కుమార్ కొనేవాళ్లను పిలిపించి చూపిస్తున్నాడు. స్వర్ణలత నిన్న వచ్చి నీ సంగతి అడిగింది. మా బావకు వినపడదమ్మా, అందుకే రానంటున్నాడు అని చెప్పాను. "వినవడకుంటె ఏమాయె, నా కారు ఏమన్న మాట్లాడుతదా? చెయ్యి వెట్టి చూడుమను. ఆయన చూసెదాంక అమ్మనియ్య" అంది. ఇది కూడా ఆమె మాటే, నాది కాదు.

అల్లినవాటిలో ఒకటి చెప్పకుండా మిగిలిపోయింది. మొన్నటి ఉత్తరంలో నువ్వు శ్రమపడి రానక్కర్లేదని రాశాను. అది కూడా అబద్ధమే.

బాలమల్లు